పూల్ గేటు దగ్గర ఎర్ర లైటు: మా హెచ్‌ఓఏ మేనేజ్‌మెంట్ కంపెనీకి రెండు స్టార్లు

మొదట ఒక స్టారే ఇద్దామని కూర్చున్నాను. రాస్తుంటే రెండోది ఇవ్వకపోతే అన్యాయం అనిపించింది. కంపెనీ పేరు మాత్రం రాయను. నా ఇల్లు ఇంకా వాళ్ళ లెక్కల్లోనే ఉంది, పైగా జరిగినదాంట్లో సగం తప్పు నాదే. పేరు పెట్టి తిడితే ఆ సగం కూడా వాళ్ళ నెత్తిన వేసినట్టవుతుంది. టెక్సాస్‌లో హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, ఉన్న ఇల్లు కొన్నవాళ్ళు, ముఖ్యంగా ఆ ఇల్లు అద్దెకిచ్చి వేరే ఊరు పోయినవాళ్ళు చదువుకోండి.

మా ఇల్లు డాలస్ పక్కన ఫ్రిస్కోలో, కాలిన్ కౌంటీ వైపు. 2021లో కొన్నాం. లిస్టింగ్ పెట్టిన వారంలోనే ఇంటి ముందు కార్లు బారులు తీరే రోజులవి. క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మన పేరు మీదికి మారే రోజున, హక్కు కాగితాలు చూసే టైటిల్ కంపెనీ ఆవిడ ఒక్కో కాగితం ముందుకి తోస్తుంటే సంతకాలు పెట్టుకుంటూ పోయాను. అందులో హెచ్‌ఓఏ కాగితాలు కూడా ఉన్నాయి. తర్వాత తీసి చూసుకుంటే ప్రతి పేజీ మీదా నా సంతకం చక్కగా ఉంది, చదివిన గుర్తు మాత్రం లేదు. డ్యూస్, అంటే సంఘానికి కట్టే మెయింటెనెన్స్, ఏడాదికి 960 డాలర్లు. జనవరిలో 480, జూలైలో 480. ప్రాపర్టీ టాక్సు, ఇన్సూరెన్సు లాగే ఇది కూడా ఎస్క్రోలోంచి, అంటే లోను వాయిదాతో పాటు మన దగ్గర తీసి పక్కన పెట్టే డబ్బులోంచి, బ్యాంకే కట్టేస్తుందని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మామూలుగా కట్టదు. ఆ సంగతి మొదటి ఏడాదే లేట్ ఫీజు కట్టి తెలుసుకుని ఆటోపే పెట్టుకున్నాను. పెట్టాక మర్చిపోయాను. ఆటోపే ఉన్నదే మర్చిపోవడానికి కదా.

2023 అక్టోబరులో ప్రాజెక్టు అర్కాన్సాస్‌లోని బెంటన్‌విల్‌కి మారింది. ఫ్రిస్కో నుంచి ఐదు గంటల డ్రైవు. ఇల్లు అమ్మబుద్ధి కాలేదు. మూడు శాతం లోపు వడ్డీకి దొరికిన లోను, మళ్ళీ ఈ జన్మలో దొరుకుతుందా? తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళకి అద్దెకిచ్చాం. గుంటూరు వైపు కుర్రాడు, భార్య, ఇద్దరు పిల్లలు. నన్ను అన్నా అంటాడు, మంచివాడు, అద్దె ఒకటో తారీఖు దాటనివ్వడు. మేం అడ్రసు మార్చాల్సిన చోట్లన్నీ మార్చాం, బ్యాంకు, కారు ఇన్సూరెన్సు, పిల్లాడి స్కూలు, చివరికి ఇండియన్ గ్రోసరీ స్టోర్ వాడి రివార్డ్ కార్డు కూడా. హెచ్‌ఓఏ గుర్తే రాలేదు. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెడదామనుకుంటే "ఎందుకన్నా, ఏదన్నా వస్తే నేను చెప్తాగా" అన్నాడు. సరే అన్నాను.

2024 జనవరిలో మా హెచ్‌ఓఏ బోర్డు, తన తరఫున డ్యూస్ వసూలు చేసే మేనేజ్‌మెంట్ కంపెనీని మార్చింది. కథంతా ఇక్కడుంది. పాత కంపెనీ పోర్టల్ మూతపడింది, దాంతోపాటే నా ఆటోపే పోయింది. పాతవాళ్ళు పోతూ పోతూ ఈమెయిల్ పంపారట. అది ప్రమోషన్స్ ట్యాబులో, చీరల సేలుకీ ఫ్లైట్ టికెట్ల ఆఫర్లకీ మధ్య ఏడాదిన్నర పడి ఉంది. కొత్తవాళ్ళు వస్తూ వస్తూ ఉత్తరం వేశారట. అది ఫ్రిస్కో ఇంటికి వెళ్ళింది. బ్యాంకు అకౌంట్లోంచి 480 పోలేదన్న సంగతి నేను గమనించలేదు. పోయిన డబ్బు కళ్ళకి కనిపిస్తుంది గానీ పోని డబ్బు కనిపించదు.

అలా మూడు వాయిదాలు దాటిపోయాయి. 2024 జనవరి, జూలై, 2025 జనవరి.

మేలో మెమోరియల్ డే వారాంతం. శనివారం పొద్దున పదకొండుకి అద్దెకున్న తమ్ముడు వీడియో కాల్ చేశాడు. "అన్నా, పూల్ ఫాబ్ పనిచెయ్యట్లేదు, బ్యాటరీ ఏమన్నా ఉంటదా దీనికి?" ఫోను గేటు వైపు తిప్పాడు. నల్ల డబ్బా మీద ఫాబ్, అంటే గేటు తెరిచే ఎలక్ట్రానిక్ తాళంచెవి, పెడుతున్నాడు, ఎర్ర లైటు రెండుసార్లు కొట్టుకుంటోంది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ రెండుసార్లు. వెనక పెద్దాడు బాతు బొమ్మ ట్యూబు నడుముకి తగిలించుకుని నించున్నాడు. చిన్నది గేటు ఊచలు పట్టుకుని లోపల ఈదుతున్న పిల్లల్ని చూస్తోంది. పక్కింటాయన తన ఫాబ్‌తో గేటు తీసి వీళ్ళని కూడా లోపలికి పిలవబోయాడట. మనవాడే మొహమాటపడి, వద్దులెండని పిల్లల్ని తీసుకుని ఇంటికి వచ్చేశాడు.

ఫాబ్ పాడైందేమో అనుకుని కంపెనీ వెబ్‌సైట్ వెతికాను. పేరు చూస్తే కొత్త కంపెనీ. గుండె అక్కడే ఒక్కసారి జారింది. రిజిస్టర్ అవుదామంటే అకౌంట్ నంబరు అడుగుతుంది. ఆ నంబరు వాళ్ళు వేసిన ఉత్తరం మీద ఉంటుంది. ఉత్తరం ఫ్రిస్కోలో ఉంది. పోర్టల్‌కి సగం స్టారు తగ్గించింది ఇందుకే. ఇంటి అడ్రసు, పేరు, లోను తీసుకున్న సంవత్సరం, ఏం చెప్పినా ఒప్పుకోదు.

తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేసి, ఉత్తరాలేమన్నా వచ్చాయా అని అడిగాను. "ఉన్నాయన్నా, నీ పేరు మీద వచ్చినవన్నీ జాగ్రత్త చేశా" అన్నాడు. జాగ్రత్త చెయ్యడమంటే వంటింట్లో స్టవ్ పక్క సొరుగు. వీడియోలో ఆ సొరుగు లాగాడు. అగరొత్తుల ప్యాకెట్లు, పిజ్జా కూపన్లు, పాత బ్యాటరీలు, వాటి కింద కట్టగా నా ఉత్తరాలు. ఒక్కటీ చింపలేదు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చింపకూడదని వాళ్ళ నాన్న చెప్పారట. వాటితో పాటు పోస్ట్‌మ్యాన్ తలుపుకి అంటించి వెళ్ళిన చీటీలు రెండున్నాయి, సర్టిఫైడ్ మెయిల్ వచ్చింది, సంతకం పెట్టి తీసుకెళ్ళమని. "అవి నీ సంతకం కావాలంటాయి గదన్నా, నువ్వొచ్చినప్పుడు చూపిద్దామని." అతన్ని ఏమంటాం? నేనైనా అంతే చేసేవాణ్ణేమో. సర్టిఫైడ్ ఉత్తరం మనం తీసుకోకపోతే తిరిగి వెళ్ళిపోతుంది గానీ, వాళ్ళ రికార్డులో ఉన్న అడ్రసుకి పంపారు కాబట్టి పంపినట్టే లెక్క. అడ్రసు మార్చుకోవాల్సింది మనమే.

ఒక్కో కవరూ చింపి కెమెరాకి చూపించమన్నాను. చివరి కవరు మీద లాయర్ల ఆఫీసు పేరుంది.

సోమవారం సెలవు. మంగళవారం అకౌంట్ నంబరు కొట్టి లెడ్జర్ తెరిచాను. మొత్తం బాకీ 2,955 డాలర్లు. ఫాబ్ ఆపేసింది అందుకే. అసలు డ్యూస్ 1,440. లేట్ ఫీజు నెలకి 25 చొప్పున పదహారు నెలలకి 400. వడ్డీ 120. రెండు సర్టిఫైడ్ ఉత్తరాలకి ఒక్కోటి 35 చొప్పున 70. నా ఫైలు లాయరుకి అప్పగించిన శ్రమకి కంపెనీ వాళ్ళు తీసుకున్నది 150. లాయరు డిమాండ్ లెటర్ రాసినందుకు 350. లీన్, అంటే ఈ ఇంటి మీద మాకు బాకీ ఉందని చెప్పే కాగితం, తయారుచేసి కౌంటీలో రికార్డు చేసినందుకు 425. అసలు కంటే కొసరు ఎక్కువ. అసలు కంటే వడ్డీ ముద్దు అని మన పెద్దలు మనవల గురించి అంటారు గానీ, ఇక్కడ వడ్డీ 120 డాలర్లే పాపం, ముద్దంతా లాయర్లదే.

మియాపూర్‌లో మా అన్నయ్య ఉండే అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ కట్టకపోతే లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు మీద ఫ్లాట్ నంబరు రాస్తారు. సెక్రటరీ అంకుల్ సాయంత్రం వాకింగ్‌లో ఎదురుపడి "ఏమ్మా, ఈ నెల మర్చిపోయినట్టున్నారు" అంటాడు. రెండు రోజుల్లో డబ్బు వచ్చి పడుతుంది. అక్కడ ఉండగా ఆ బోర్డు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇక్కడ నాకు ఆ అంకుల్ ఉండి ఉంటే 1,515 డాలర్లు మిగిలేవి. పదహారు నెలల్లో ఒక్క ఫోన్ కాల్ రాలేదు. నా ఫోన్ నంబరు పాత కంపెనీ రికార్డుల్లో ఉంది, కొత్తవాళ్ళకి ఆ ఫైలు అందిందని వాళ్ళే ఒప్పుకున్నారు. ఫోన్ చెయ్యమని చట్టం చెప్పదు కాబట్టి చెయ్యలేదు.

కస్టమర్ సర్వీసు గురించి. నంబరు నొక్కితే 38 నిమిషాలు పాట. తర్వాత ఎత్తినాయన "మీ అకౌంట్ లాయరు దగ్గరుంది సార్, మేం మాట్లాడకూడదు" అన్నాడు. లాయరు ఆఫీసుకి చేస్తే "ఫీజులు తగ్గించడం మా చేతిలో లేదు, హెచ్‌ఓఏ బోర్డుని అడగండి" అన్నారు. బోర్డు ఈమెయిల్ ఇవ్వమంటే "మేనేజ్‌మెంట్ కంపెనీ ద్వారానే రావాలి" అన్నారు. మూడు కిటికీలున్న ఎమ్మార్వో ఆఫీసులో తిరిగినట్టే ఉంది, కాకపోతే ఇక్కడ ఏసీ నాది. ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు అసలు 1,440 అయినా కట్టేద్దామనుకున్నాను. పే బటన్ బూడిద రంగులో ఉంది. లాయరు దగ్గరికి వెళ్ళిన అకౌంటుకి ఆన్‌లైన్ పేమెంట్ ఆపేస్తారట. డబ్బు ఇస్తానన్నా తీసుకోని చోటు ఇదే మొదటిసారి చూడటం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కౌంటీ క్లర్కు వెబ్‌సైట్‌లో నా పేరు కొట్టాను. నా ఇంటి లాట్ నంబరు, బ్లాక్ నంబరుతో సహా లీన్ కాగితం, మార్చి నెల ముద్రతో ఉంది. ఎవరైనా చూడొచ్చు. ఆ కాగితం ఉండగా ఇల్లు అమ్మబోయినా, రీఫైనాన్స్ చెయ్యబోయినా టైటిల్ కంపెనీ అక్కడే ఆపేస్తుంది, ఆ బాకీ తీరాకే క్లోజింగ్. నేను రెండూ చెయ్యట్లేదు కాబట్టే ఇన్నాళ్ళూ తెలియలేదు. చవక వడ్డీ లోను చేసిన ఇంకో ఉపకారం.

టెక్సాస్‌లో హోమ్‌స్టెడ్, అంటే మనం ఉంటున్న సొంతింటికి అప్పులవాళ్ళ నుంచి చట్టం ఇచ్చే రక్షణ, ఉంటే ఇంటినెవరూ ముట్టుకోలేరని మన వాట్సాప్ గ్రూపుల్లో గట్టి నమ్మకం. క్రెడిట్ కార్డు వాళ్ళ సంగతి అయితే అది నిజమే. హెచ్‌ఓఏ సంగతి వేరు. డ్యూస్ బాకీకి ఇల్లు వేలం వేయించడానికి హోమ్‌స్టెడ్ అడ్డు రాదని టెక్సాస్ సుప్రీం కోర్టు 1987లోనే చెప్పేసింది. ఇల్లు కొనేటప్పుడే ఆ షరతు ఇంటితో పాటు మన మెడకి పడుతుంది. నాకైతే ఇల్లు అద్దెకిచ్చాక ఆ హోమ్‌స్టెడ్ కూడా ఉందో లేదో.

ఆఫీసులో ఈ మాట అంటే, ఇరవై ఏళ్ళుగా ఫ్రిస్కోలో ఉండి వచ్చిన ఒకాయన "ఆర్మీ కెప్టెన్ ఇల్లు సంగతి తెలీదా?" అన్నాడు. 2010లో వార్తల్లో మార్మోగిపోయిన కేసు, మా ఫ్రిస్కోలోనే. ఆయన ఇరాక్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఉత్తరాలు విప్పకుండా పేరుకుపోయాయి. దాదాపు 800 డాలర్ల డ్యూస్ కోసం మూడు లక్షల డాలర్ల ఇంటిని వేలం వేశారు. పోయింది 3,500కి. చివరికి కోర్టు దాకా వెళ్ళి రాజీలో ఇల్లు తిరిగొచ్చింది. విప్పని ఉత్తరాలు అన్న దగ్గర నాకు స్టవ్ పక్క సొరుగు కళ్ళముందు మెదిలింది.

ఆ తర్వాత 2011లో చట్టం మారింది. ఇప్పుడు డ్యూస్ కోసం వేలం వెయ్యాలంటే హెచ్‌ఓఏ ముందు కోర్టు ఆర్డరు తెచ్చుకోవాలి. ఆర్డరు వస్తే మాత్రం మిగతా ఫోర్‌క్లోజర్ల లాగే, నెలలో మొదటి మంగళవారం, పొద్దున పదికీ సాయంత్రం నాలుగుకీ మధ్య, మన కౌంటీకైతే మెకిన్నీలో. వేలం అయిపోయాక కూడా, అయిందని హెచ్‌ఓఏ మనకి నోటీసు పోస్టు చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు బాకీ, ఖర్చులు కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. ఆ నోటీసు కూడా పోస్టులోనే వస్తుంది, చూడండి. పచ్చిక పెంచినందుకో, చెత్తడబ్బా రోడ్డు మీద వదిలినందుకో వేసిన జరిమానాల కోసం మాత్రమే ఇల్లు వేలం వెయ్యకూడదు. కానీ డ్యూస్‌కి ఇంత మొత్తం దాటితేనే అన్న కనీస హద్దు ఇక్కడ లేదు. ఫ్రీమాంట్‌లో ఉండే మా బావమరిది దీనికి ఆశ్చర్యపోయాడు. కాలిఫోర్నియాలో బాకీ 1,800 డాలర్లైనా దాటాలి, లేదా పన్నెండు నెలలైనా పాతబడాలి, అప్పుడే వేలం మాట. "మీ టెక్సాస్‌లో ఇన్‌కమ్ టాక్స్ లేదని మురిసిపోతారుగా బావా" అన్నాడు. వాడికి ఎప్పుడూ ఇదే పని.

నిద్ర పట్టని రాత్రుల్లో ఒక మంచి జరిగింది. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్‌లో 209వ చాప్టరు మొత్తం చదివాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదమూడేళ్ళు చేశాను, తారీఖులు పక్కపక్కన పెట్టి తేడా పట్టుకోవడమే నా తిండి. సొరుగులో దొరికిన ఉత్తరాలనీ, పోస్టు చీటీలనీ వరసలో పెట్టాను. 2024 అక్టోబరు 10న మామూలు ఉత్తరం. నవంబరు 18న సర్టిఫైడ్. డిసెంబరు 20న లాయరు డిమాండ్ లెటర్. మార్చిలో లీన్. లీన్ విషయంలో వాళ్ళు పద్ధతిగానే ఉన్నారు. మొదటి నోటీసు తర్వాత కనీసం 30 రోజులకి రెండోది సర్టిఫైడ్‌లో పంపాలి, అది పంపాక 90 రోజులు ఆగాలి. ఆగారు. కానీ కలెక్షన్‌కి అప్పగించి ఆ ఫీజు మన మీద వెయ్యాలంటే, ముందు నోటీసు ఇచ్చి బాకీ తీర్చుకోవడానికి 45 రోజులు ఇవ్వాలి. 2021కి ముందు అది 30. మారి మూడేళ్ళు దాటినా వీళ్ళ ఉత్తరంలో ఇంకా 30 రోజులనే ఉంది. నవంబరు 18 నుంచి డిసెంబరు 20కి 32 రోజులు. పాత టెంప్లేట్‌ని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. మా ఆఫీసులో ఇలాంటి దానికి సెవిరిటీ వన్ బగ్, అంటే అన్నిటికంటే పెద్ద తప్పు కింద, వేస్తాం.

ఇక రెండో స్టారు సంగతి. నాలుగో రోజు నేరుగా డాలస్ ఆఫీసుకి వెళ్ళాను, పొద్దున నాలుగింటికి బెంటన్‌విల్‌లో బయల్దేరి. ఫ్రంట్ డెస్కులో పెద్దావిడ ఒకరున్నారు, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతోంది. నా కాగితాలన్నీ బల్ల మీద వరసలో పెట్టి 32 రోజుల లెక్క చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తారీఖులు తనే వేలితో లెక్కపెట్టింది. "లాయరు ఫీజు గురించి నేనేమీ మాట్లాడకూడదు" అంది. అంటూనే డ్రాయరులోంచి రెండు ఫారాలు తీసింది, ఒకటి కష్టం చెప్పుకుని ఫీజులు తగ్గించమని బోర్డుకి పెట్టే హార్డ్‌షిప్ రిక్వెస్టు, రెండోది పేమెంట్ ప్లాన్. ఏ వాక్యం ఎక్కడ రాయాలో చెప్పలేదు గానీ, బోర్డు మీటింగ్ వచ్చే గురువారమనీ, మంగళవారం మధ్యాహ్నం లోపు చేరితేనే అజెండాలో పడుతుందనీ రెండుసార్లు చెప్పింది. వెళ్తుంటే "మీ మెయిలింగ్ అడ్రసు మారుద్దామా?" అని అడిగింది. పదహారు నెలల్లో నాకు ఆ కంపెనీ నుంచి అందిన మొదటి ఉపయోగపడే ప్రశ్న. రెండు నిమిషాల్లో బెంటన్‌విల్ అడ్రసు ఎక్కించి, కాగితం ప్రింటు తీసి ఇచ్చింది. ఈ ఫారాలు రెండూ పోర్టల్‌లో లేవు, ఫోన్‌లో ఎవరూ చెప్పలేదు. ఆవిడకి జీతం పెంచండి.

బోర్డుకి పెట్టిన అర్జీలో ఏడుపు పెట్టలేదు. డ్యూస్ నా బాధ్యత, కడతాను అని మొదటి లైను. కంపెనీ మారినప్పుడు ఆటోపే పోవడం, తర్వాత 32 రోజుల లెక్క. 350 పూర్తిగా కొట్టేశారు. లేట్ ఫీజులో సగం, 200, తీసేశారు. ఫైలు అప్పగించిన 150 మాత్రం వదల్లేదు, "అడ్మినిస్ట్రేటివ్ ఖర్చు" అట. నా లెక్క ప్రకారం అది కూడా ఆ 45 రోజుల లోపు వేసిందే. ఇంకా పోట్లాడొచ్చు, కానీ ఓపిక అయిపోయింది. 2,405 మిగిలింది. అదే నెలలో గుంటూరులో నాన్నకి మోకాలి ఆపరేషన్ చేయించాం, ఒక్కసారిగా కట్టే స్థితి లేదు. ఐదు నెలల ప్లాన్ ఇచ్చారు, నెలకి 481.

ప్లాన్ గురించి ఒకటి తెలుసుకోండి. పద్నాలుగు ఇళ్ళ కంటే ఎక్కువున్న హెచ్‌ఓఏ ఏదైనా వాయిదాల పద్ధతి ఒకటి పెట్టుకుని ఉండాలి, కనీసం మూడు నెలలు ఇవ్వాలి, పద్ధెనిమిది నెలలు దాటి ఇవ్వక్కర్లేదు. ప్లాన్ నడుస్తున్నన్నాళ్ళూ కొత్త పెనాల్టీలు వెయ్యకూడదు, వడ్డీ, ప్లాన్ నడిపే ఖర్చు తీసుకోవచ్చు. అయితే ఆ 45 రోజుల గడువు లోపు అడిగినవాళ్ళకే అది హక్కు. దాటాక అడిగితే బోర్డు దయ. ఒకసారి ప్లాన్ తీసుకుని ఎగ్గొట్టినవాళ్ళకి రెండేళ్ళ దాకా ఇవ్వకపోయినా అడగలేం. ఉత్తరం అందగానే విప్పి ఉంటే నాకు హక్కుగా వచ్చేది, నేను బతిమాలి తెచ్చుకున్నాను.

ప్లాన్ వచ్చినా పే బటన్ రంగు మారలేదు. ప్రతి నెలా బ్యాంకుకి వెళ్ళి క్యాషియర్స్ చెక్ (మన డీడీ లాంటిది) తీసుకుని, ట్రాకింగ్‌తో లాయరు ఆఫీసుకి పంపడం. జూలై డ్యూస్ 480 కూడా అలాగే. ప్రతిసారీ బ్యాంకులో పది డాలర్లు, పోస్టుకి ఇంకో పది. బ్యాంకు అమ్మాయికి మూడో నెలకి నా పేరు, చెక్కు ఎవరి పేరు మీదో కంఠతా వచ్చేసింది. 2025లో, నాలుగు వందల ఎనభై ఒక్క డాలర్లు కట్టడానికి.

కట్టిన డబ్బు ఏ పద్దులోకి పోతుందో ప్రతి నెలా చూసుకున్నాను. ముందు పాత డ్యూస్, తర్వాత ఈ ఏటి డ్యూస్, ఆ తర్వాతే లాయరు ఖర్చులు, జరిమానాలుంటే వాటి వంతు ఆ వెనకే. ఆ వరస చట్టంలో ఉంది. ఈ విషయంలో కంపెనీ లెడ్జర్ శుభ్రంగా ఉంది, పైసా తేడా లేదు. రెండో స్టారులో ఇదీ ఒక వాటా. పచ్చిక, చెట్లు, వీధి లైట్లు కూడా పాత కంపెనీ కంటే బాగా చూస్తున్నారని తమ్ముడే చెప్పాడు. పూల్ నీళ్ళు అద్దంలా ఉంటాయట. గేటు బయటి నుంచి చూసి చెప్పాడు.

బాకీ ఉన్నా బోర్డు ఎన్నికల్లో ఓటు మాత్రం మనదే, టెక్సాస్‌లో ఆ హక్కు తియ్యలేరు. సెప్టెంబరులో జూమ్ మీటింగ్‌లో కూర్చున్నాను, ఇల్లు కొన్నాక మొదటిసారి. మా సబ్‌డివిజన్‌లో సగానికి దగ్గర మనవాళ్ళ ఇళ్ళే ఉంటాయి, ఆ రోజు మనవాళ్ళు నాతో కలిపి ముగ్గురు. కంపెనీ మారితే ఆటోపే ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్ చెయ్యాలని అడిగాను. మినిట్స్‌లో రాసుకున్నారు. ఉత్తరం టెంప్లేట్‌లో 30 కొట్టేసి 45 చెయ్యమని కూడా అడిగాను. దానికి మేనేజరు ఏమీ అనలేదు గానీ, అక్టోబరులో పక్కింటాయనకి ఏదో జరిమానా ఉత్తరం వస్తే ఫోటో తెప్పించుకుని చూశాను. దాంట్లో రోజుల మాటే లేదు.

తమ్ముడి పిల్లల వేసవి పాడుచేసింది నేను కాబట్టి ఫ్రిస్కో అథ్లెటిక్ సెంటర్‌లో వాళ్ళకి మెంబర్‌షిప్ తీసిచ్చాను. అది ఏ లెడ్జర్‌లోనూ లేని ఖర్చు. వద్దన్నాడు, పిల్లలు వద్దనలేదు.

అక్టోబరులో చివరి 481 చేరింది. లీన్ విడుదల కాగితం కౌంటీలో ఎక్కడానికి ఇంకో మూడు వారాలు పట్టింది, రెండుసార్లు గుర్తుచేశాను. ఫాబ్ మాత్రం బ్యాలెన్స్ సున్నా అయిన మర్నాడే ఆన్ చేశారు, అడక్కుండానే. సాయంత్రం తమ్ముడు వీడియో పంపాడు. ఫాబ్ పెట్టాడు, పచ్చ లైటు వెలిగింది, గేటు టక్కుమంది. గేటు మీద కంపెనీ వాళ్ళ లామినేటెడ్ కాగితం అంటించి ఉంది, లేబర్ డేతో పూల్ మూసేశాం, మళ్ళీ మేలో కలుద్దాం అని.